పాత మియాటా తలుపుల్లో కొత్త స్పీకర్లు

మొదటి తరం మాజ్డా మియాటా 1989లో వచ్చిన, టాప్ తెరుచుకునే రెండు సీట్ల కారు కాబట్టి, దాని తలుపుల్లోని 6.5 అంగుళాల స్పీకర్లకు వయసు మీద పడడంలో వింతేమీ లేదు. నా కారులో కోను అంచు పొడిపొడిగా రాలిపోయి, ప్రతి పాటా గరగరమనేది. వాటి స్థానంలో అదే సైజు కోయాక్సియల్ (వూఫర్, ట్వీటర్ ఒకే చట్రంలో ఉండే) స్పీకర్ల జత బిగించాను. పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం జరిగిందని నిస్సంకోచంగా చెప్పగలను.

ఈ కారులో అసలు సమస్య వెడల్పు కాదు, లోతు. కిందికి దించిన అద్దం స్పీకర్ వెనుక నుంచే దిగుతుంది కనుక, అయస్కాంతం దానికి తగలకుండా ఉండాలంటే అద్దాన్ని పూర్తిగా దించి ఖాళీని కొలిచాకే కొనాలి. నేను తీసుకున్నవి లోతు తక్కువ రకం కావడంతో స్పీకర్‌ను అద్దానికి దూరంగా జరిపే స్పేసర్ రింగు అవసరం కూడా రాలేదు. తలుపు ప్యానెల్ వెనుక ఉండే ప్లాస్టిక్ షీటును మాత్రం చిరగకుండా తీసి, మళ్లీ అంటించి తీరాలి. అద్దం మీదుగా తలుపులోకి జారే వాన నీరు ప్యానెల్‌ అట్టను తడపకుండా, అడుగు రంధ్రాల గుండా బయటికి పోయేలా చూసేది అదే.

టాప్ తీసి హైవే మీద వెళ్తున్నా గొంతు, వయొలిన్ స్పష్టంగా వినిపిస్తున్నాయి. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు వచ్చే శబ్దం, ఎక్కువ కావడం వల్ల పాత స్టీరియో ఇచ్చే కొద్దిపాటి పవరే సరిపోతోంది. బేస్ మాత్రం పలచనే. మృదంగంలో ‘గుమికి’ అనే లోతైన నాదానికి నిండుదనం కావాలనుకునేవారు విడిగా సబ్‌వూఫర్ పెట్టుకోవాల్సిందే.