ఆఫీసు డబ్బాలోకి ఫూల్ మఖానా కొనొచ్చా?

కొనొచ్చు, కానీ పచ్చివే (వేయించని, మసాలా కలపనివి). పెరిపెరి (మిరపకారం మసాలా), చీజ్ రుచుల ప్యాకెట్ల వెనక పదార్థాల పట్టికలో పామాయిల్ రెండోదిగా కనిపిస్తే అక్కడే వదిలేయండి. (తామర గింజలని అమ్ముతారు గానీ, ఇవి ముళ్లుండే వేరే నీటిమొక్కవి, ఎక్కువగా బిహార్ నుంచే వస్తాయి.)

30 గ్రాములకే పెద్ద గిన్నె నిండుతుంది, సుమారు 105 కేలరీలు. ప్రొటీన్ మాత్రం 3 గ్రాములే, ప్రచారమంత లేదు. గుప్పెడు వేయించిన శనగలు కలిపితే ఆ లోటు తీరుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

అర టీస్పూన్ నెయ్యితో సన్నని సెగమీద 8–10 నిమిషాలు వేయించాలి. మంట పెంచితే పైన మాడి లోపల సాగుతాయి. వేళ్లతో నొక్కితే పటుక్కున విరగాలి. ఉప్పు, మిరియాల పొడి స్టవ్ కట్టేశాకే చల్లండి. వేడిమీద మూత పెడితే ఆవిరి పట్టి మధ్యాహ్నానికి తోలులా అవుతాయి.