నరసాపురం వైపు ఒక చర్చిలో బైబిలు స్త్రీల క్లాసు: వెళ్ళండి, పుస్తకం మాత్రం కొనకండి

క్లాసు చాలా బాగుంది. క్లాసు కోసమని అమ్మే పుస్తకం దండగ. రెండింటికీ కలిపి మార్కులు వేయడం నా వల్ల కాదు కాబట్టి విడివిడిగానే రాస్తాను.

నరసాపురానికి దగ్గర్లో ఒక ఊరి చర్చి ఇది. శుక్రవారం సాయంత్రం స్త్రీల కూడికలో పాట, ప్రార్థన అయ్యాక ఓ గంటసేపు బైబిల్లోని ఒక స్త్రీ గురించి చదువుతారు. ఫీజు లేదు. వేరే సంఘం వాళ్ళు కూడా రావచ్చు. మా వరసలో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళు ఇద్దరు, పెంతెకొస్తు ఆవిడ ఒకరు కూర్చునేవారు, ఎవరూ ఏమీ అనలేదు. నడిపేది పాస్టరమ్మ గారు. ఆవిడ పెట్టిన రూలు ఒక్కటే: వివరణ మొదలుపెట్టే ముందు ఆ భాగం మొత్తం పైకి చదవాలి, తలా కొన్ని వచనాలు. చదువు రానివాళ్ళు విని, విన్నది తమ మాటల్లో చెప్పాలి. ఈ రూలు వల్లే క్లాసు నిలబడింది, ఎందుకంటే ఆదివారం ప్రసంగంలో రెండు వచనాలు చదివి నలభై నిమిషాలు మాట్లాడితే మనకి ఆ రెండు వచనాలే గుర్తుంటాయి, మిగతా కథ సండే స్కూల్లో విన్న దగ్గరే ఆగిపోతుంది. రూతు గ్రంథం నాలుగంటే నాలుగు అధ్యాయాలు. ఒక్క సాయంత్రంలో మొదటి నుంచి చివరి దాకా చదివేసి టీ కూడా తాగాం.

ఆ రూతు రోజు సంగతి చెప్పాలి. "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అన్న మాట పెళ్ళి శుభలేఖల మీద చూస్తుంటాం కదా, ఎవరు ఎవరితో అన్నారని పాస్టరమ్మ గారు అడిగితే సగం మంది "భర్తతో" అన్నారు. కోడలు రూతు అత్తగారు నయోమితో అన్న మాట అది, అదీ భర్త పోయాక. హాల్లో అత్తలూ కోడళ్ళూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. తర్వాత రెండో అధ్యాయం గబగబా చదువుకుపోతుంటే, చిన్నప్పుడు సార్వా (వానాకాలం వరి) కోతలకి పరిగె, అంటే కోశాక చేలో మిగిలిన కంకులు, ఏరిన ఒక పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది. సాయంత్రానికి రూతు ఏరినది దుళ్ళగొడితే తూమెడు యవలు అయ్యాయని ఉంటుంది అక్కడ. "ఒక్కరోజు పరిగెకి తూమెడా? మేం పొద్దుగూకే దాకా వంగి ఏరినా చాట అడుగు కప్పేది కాదమ్మా. పైకెళ్ళి మళ్ళీ చదువు" అంది. పైకెళ్తే ఉంది, మేమే పట్టించుకోలేదు. పనలు కట్టేవాళ్ళతో ఆ చేను ఆసామి బోయజు, పిడికెళ్ళు కావాలని లాగి ఆమె కోసం వదలండని, ఆమెను గద్దించవద్దని చెప్పి ఉంచాడు. అక్కడి నుంచి మాటలు చేలల్లోకి వెళ్ళిపోయాయి. ఏ రైతు పరిగెకి రానిచ్చేవాడు, ఏ రైతు కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడేవాడు, ఇప్పుడు కోత మిషన్ వచ్చాక పరిగె అన్న మాటే పిల్లలకి తెలియదు, ఇలా. పాస్టరమ్మ గారు మధ్యలో అడ్డు రాలేదు, ఆవిడలో నాకు నచ్చింది అదే.

అదే అధ్యాయం మీద పుస్తకంలో ఏముందో చూడండి: "రూతు కష్టపడే స్త్రీ. మీరు కష్టపడుతున్నారా? అవును / కాదు." ఇంటి పనీ పొలం పనీ చేసుకుని, రొయ్యల కంపెనీలో షిఫ్టు దిగి నేరుగా వచ్చి కూర్చున్న మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

పుస్తకం ఖరీదు 120 రూపాయలు. ఎవరు వేశారో రాయను కానీ, ఏ స్త్రీ దగ్గరికి వెళ్ళినా చివరికి తేల్చేది ఒకటే, అణకువగా ఉండండి అని. ఖాళీలు పూరించడం, ఒక మాటలో జవాబు, కంఠత వాక్యం, అంతే. అక్షరం చిన్నది, కాగితం పల్చన, వెనక పేజీ సిరా ముందుకి కనిపిస్తుంది. అవన్నీ సర్దుకోవచ్చు. తప్పులు మాత్రం సర్దుకోలేం. మగ్దలేనే మరియ పాఠానికి "పాపపు జీవితం విడిచిన స్త్రీ" అని పేరు పెట్టారు. సువార్తల్లో ఎక్కడుందండీ అది? లూకా 8లో ఆమె నుంచి ఏడు దయ్యాలు వెళ్ళిపోయాయని ఉంది, యోహన్న, సూసన్నలతో పాటు తన సొంత ఆస్తి ఖర్చుపెట్టి యేసుకూ శిష్యులకూ ఉపచారం చేసినవాళ్ళలో ఆమె పేరు ముందుంది. అంతకు ముందు 7వ అధ్యాయంలో పాదాలు కన్నీళ్ళతో తడిపిన స్త్రీకి అసలు పేరే చెప్పలేదు. వీళ్ళిద్దరినీ ఒక్కరే అని కలిపేసింది పోపు గ్రెగరీ, 591లో ఒక ప్రసంగంలో. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా మన దగ్గర కొత్తగా అచ్చు వేసే పుస్తకంలో అదే. సామెతలు 31 పాఠం కూడా అంతే. గుణవతియైన భార్య తెల్లవారకముందే లేస్తుందని నాలుగు పేజీలు రాసినవాళ్ళు, ఆవిడ పొలం చూసి కొంటుందన్న 16వ వచనం దగ్గరికి వచ్చేసరికి దాటేశారు.

హాగరు పాఠం రోజు పుస్తకం పక్కన పడేయాల్సి వచ్చింది. మా వైపు నుంచి కువైట్, మస్కట్‌లకి ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమందో మీకు తెలిసిందే, ఆ హాల్లోనూ ఉన్నారు. ఆదికాండము 16 చదువుతున్నారు. యజమానురాలు శారయి పెట్టే బాధ పడలేక పనిమనిషి హాగరు పారిపోవడం, అరణ్యంలో నీటి ఊట దగ్గర దూత కనిపించి యజమానురాలి దగ్గరికే తిరిగి వెళ్ళమనడం. అప్పటిదాకా నోరు విప్పని ఒక అక్క, "పారిపోయి మళ్ళీ అదే ఇంటికి వెళ్ళడం ఎలా ఉంటుందో రాసినాయనకి తెలుసా?" అంది. జవాబు ఎవరూ చెప్పలేదు. పుస్తకంలో ఆ పాఠానికి నీతి: యజమానులకు లోబడాలి. పాస్టరమ్మ గారు ఆ పేజీ తిప్పేసి, 13వ వచనం ఆ అక్క చేతనే చదివించారు. దేవుడికి "చూచుచున్న దేవుడు" అని పేరు పెట్టింది ఈ పనిమనిషే. ఆ అక్క చదివింది కానీ, తిరిగి పంపడం సంగతి మాత్రం తనకి ఇంకా మింగుడుపడలేదనే చెప్పింది. పడాలని ఎవరూ పట్టుబట్టలేదు.

నా వరకు అన్నిటికంటే బాగా నడిచింది సెలోపెహాదు కూతుళ్ళ రోజు. ఈ పేరు విన్నారా? నేను చర్చి ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, నాకే సరిగ్గా తెలియదు. పుస్తకంలో అయితే లేనే లేదు, ఈ పాఠం పాస్టరమ్మ గారు సొంతంగా కలిపింది. సంఖ్యాకాండము 27. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి పోయాడు, కొడుకులు లేరు, మా నాన్న పేరు ఎందుకు మాసిపోవాలి, మాకు భూమి ఇవ్వండని ఐదుగురూ వెళ్ళి మోషే ముందు, యాజకుడి ముందు, సర్వసమాజం ముందు నిలబడి అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమేనని దేవుడే అన్నాడు. చేపల చెరువులకీ రొయ్యల చెరువులకీ భూమి లీజులు పలికే మా డెల్టాలో ఈ అధ్యాయం చదివితే ఏమవుతుందో ఊహించుకోండి. "కట్నం ఇచ్చి పంపేశాం కదా, ఇంకా వాటా ఏంటి?" అని ఒక పిన్నిగారు మొదలుపెట్టారు, ఆవిడ కూతురు అక్కడే కూర్చుని ఉండగానే. మాలో ఒకావిడకి చట్టం సంగతులు కాస్త తెలుసు. తండ్రి విల్లు రాయకుండా పోతే క్రైస్తవులకి వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో కొడుక్కీ కూతురికీ సమానమేనని, హిందూ చట్టం కింద ఉన్నవాళ్ళకి కూడా మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో 1986లోనే సవరణ వచ్చిందని, తర్వాత 2005లో దేశమంతటికీ వచ్చిందని చెప్పింది. గొడవ ఇంకాస్త పెరిగింది. చివర్లో 36వ అధ్యాయం చదివితే, ఆ కూతుళ్ళు తండ్రి గోత్రంలోనే (బైబిల్లో గోత్రం అంటే తెగ) పెళ్ళి చేసుకోవాలని షరతు. "ఇచ్చినట్టే ఇచ్చి ముడి వేశారే" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. అలా అనగలిగే చోటు కాబట్టే ఈ క్లాసుకి వెళ్ళమంటున్నాను.

దొర్కా పాఠానికి లేసు అల్లేవాళ్ళు ఎక్కువ వచ్చారు, లేసు అల్లికకి పేరున్న నరసాపురం కదా. దొర్కా చనిపోతే విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలూ పేతురుకి చూపించారన్న వచనం దగ్గర వాళ్ళు ఆగారు. మనం అల్లింది ఏజెంటు పట్టుకెళ్ళాక ఎవరి బల్ల మీద పరుస్తారో కూడా మనకి తెలియదు అని ఒకావిడ అంటుంటే చేతిలో క్రోషే సూది ఆడుతూనే ఉంది. క్లాసులో అల్లుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

ఇంకొకటి అడగాలనుంది వాళ్ళని. 1836లో మన దేశానికి వచ్చి, తర్వాత నరసాపురం వైపు సేవ చేసిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరల పేర్లు మా వైపు చర్చిల్లో చెప్తూనే ఉంటారు. వాళ్ళ తర్వాతి కాలంలో ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పిన మన బైబిలు ఉమన్‌ల పేర్లు ఎంతమందికి తెలుసు? పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళ గురించి ఒక శుక్రవారం పెడితే బాగుంటుంది.

ఇక ఇబ్బందులు. ఆరింటికి అంటారు, ఆరున్నర దాటుతుంది. ప్రకటనలు, ప్రార్థన మనవులు సాగుతాయి. గోదావరి అవతల సఖినేటిపల్లి వైపు నుంచి పంటు (జనాన్ని దాటించే పెద్ద పడవ) మీద వచ్చేవాళ్ళు చివరి పంటు టెన్షన్‌తో సగంలోనే లేచి వెళ్ళిపోతున్నారు, ఎప్పుడూ అసలు చర్చ అప్పుడే మొదలవుతుంది. మైకు ఇంకో తలనొప్పి. ఉన్నది ముప్పై మంది, హాలు చిన్నది, అయినా లౌడ్‌స్పీకరు వీధిలోకి పెట్టి ఉంటుంది. ఇంట్లో సంగతి వీధంతా వింటుందంటే ఏ ఆడమనిషి నోరు విప్పుతుంది? కరెంటు పోయి మైకు ఆగిన రోజున అందరూ మాట్లాడారు. ఒక వారం సంఘ పెద్ద ఒకాయన వచ్చి ముందు కుర్చీలో కూర్చుని అబీగయీలు గురించి తనే ప్రసంగం చేసేశారు. భర్తకి చెప్పకుండా గాడిదల మీద రొట్టెలూ మాంసమూ ఎక్కించి దావీదుకి ఎదురెళ్ళి ఇంటిల్లిపాదినీ కాపాడిన ఆవిడ కథలో, పెద్దాయన గంటసేపు చెప్పింది భర్తకి లోబడటం గురించి. ఆ వారం టీ తాగి ఇంటికొచ్చేశాం.

క్లాసుకి ఐదుకి నాలుగు, పుస్తకానికి ఒకటి, అదీ వెనక ఇచ్చిన వచనాల పట్టికకి. వెళ్ళేవాళ్ళు ఫోన్లో కాకుండా పెద్దక్షరాల బైబిలు పట్టుకెళ్ళండి, పక్కనున్నావిడకి కూడా కనిపిస్తుంది. వచ్చే విడతలో లూదియ, ప్రిస్కిల్ల, ఫీబే పాఠాలు ఉంటాయట, దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయ్యాక మొదలుపెడతామన్నారు. ఈసారి ఐదింటికే పెట్టమని మేం కొందరం అడిగాం, చూస్తామన్నారు.