షాతో లెయోవిల్ బార్టన్ 2014: లంక పొగాకు ఎరిగిన ముక్కుతో

ముందే తీర్పు చెప్పేస్తానండి. నేను రుచి చూసిన ఫ్రెంచి రెడ్ వైన్లలో పొగాకు వాసన ఇంత శుభ్రంగా, ఇంత నిజంగా పలికింది ఇదొక్కటే.

మాది రాజోలు. నాన్నగారిది లంక పొగాకు వ్యాపారం. ఆకు మండెలో, అంటే పేర్చిన కుప్పలో మాగి, పచ్చివాసన వదిలి, తీపి కలిసిన ఘాటుకి ఎప్పుడు తిరుగుతుందో ముక్కుతో పసిగట్టి చెప్పే మనుషుల మధ్య పెరిగాను. అందుకే వైన్ గురించి రాసేవాళ్ళు 'పొగాకు' అన్నప్పుడల్లా ఏ పొగాకు, ఏ దశలో ఉన్న ఆకు అని అడగాలనిపిస్తుంది. ఈ సీసాలో ఉన్నది బాగా మాగిన ఆకు. చుట్ట చుట్టడానికి సిద్ధమైన ఆకు. కాల్చిన పొగ కాదు.

సీసా మా మేనల్లుడు ఫ్రాన్స్ నుంచి సంక్రాంతికి వస్తూ తెచ్చాడు. అక్కడి కొట్లో 90 యూరోలు పెట్టాడట. "మావయ్యా, ఇది నీ ముక్కుకే" అని చేతిలో పెట్టాడు.

ఇది ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో, జిరోంద్ నదీముఖం ఎడమ గట్టున, సెయింట్ జూలియన్ అనే చిన్న ఊళ్ళో తయారవుతుంది. మూడో నెపోలియన్ కాలంలో, 1855 పారిస్ ప్రదర్శన కోసం చేసిన వర్గీకరణలో దీనికి రెండో శ్రేణి దక్కింది. ఒకప్పుడు లెయోవిల్ అంతా ఒకటే ఆస్తి. పంపకాల్లో మూడు ముక్కలైంది: లాస్ కాజ్, పొయ్‌ఫెరె, బార్టన్. థామస్ బార్టన్ ఐర్లండ్ నుంచి బోర్డోకి వచ్చింది 1722లో. ఆయన వంశంవాళ్ళు ఈ ముక్క కొన్నది 1826లో. ఇప్పటికీ వాళ్ళ చేతుల్లోనే ఉంది. లేబుల్ మీద కనిపించే షాతో, అంటే మేడ, మాత్రం వాళ్ళదే అయిన పక్క ఎస్టేటు లాంగోవాది. లెయోవిల్ బార్టన్‌కి సొంత మేడ లేదు.

ఆ ప్రాంతపు మ్యాపు ముందేసుకుంటే కోనసీమవాడికి కళ్ళు అక్కడే ఆగిపోతాయి. మన గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠగా చీలుతుంది. అక్కడ గరోన్, దోర్దోన్ అనే రెండు నదులు కలిసి జిరోంద్ అయి సముద్రానికి పోతాయి. నేల మాత్రం మనకి పూర్తిగా వేరు. పిరనీస్ కొండల నుంచి గరోన్ దొర్లించుకొచ్చిన గులకరాళ్ళ మెరక అది. పల్లంలో ఉన్న బాడవలని 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు కాలవలు తవ్వి ఆరబెట్టారు. గులకలో నీరు నిలవదు, సారం తక్కువ. తీగ వేళ్ళు లోతుకి దిగాల్సిందే. కాయ చిన్నదవుతుంది, రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ. రంగూ వగరూ ఉండేది ఆ తొక్కలోనే. వరినీ కొబ్బరినీ పోషించే మన ఒండ్రు మట్టిలో ఇదే తీగ వేస్తే ఆకు మీద ఆకు వేసి, కాయలో నీళ్ళు నింపుకుంటుంది. గొప్ప వైన్‌కి పేద నేల కావాలన్న మాటలో నిజం ఇదేనండి.

తోటలో ముప్పాతిక వంతు దాకా కాబెర్నే సోవిన్యోన్ అనే ద్రాక్ష రకం. మిగిలినదాంట్లో ఎక్కువ మెర్లో, కొద్దిగా కాబెర్నే ఫ్రాంక్. కాబెర్నే ఆలస్యంగా పండుతుంది, మెర్లో ముందే పండుతుంది. ఒకటి చెడ్డ వాతావరణానికి చిక్కినా ఇంకోటి ఆదుకుంటుందని అక్కడి రైతులు రకాలు కలిపి వేస్తారు. ఈ సీసాలోని ద్రాక్ష పండిన 2014లో వేసవి చల్లగా నడిచి, సెప్టెంబరు, అక్టోబరుల్లో మంచి ఎండలు కాశాయి. ఆ ఎండ కలిసొచ్చింది ముఖ్యంగా కాబెర్నేకి. ఈ వైన్‌లో అది తెలుస్తుంది.

సీసాని ముందు రోజే నిలబెట్టి ఉంచాను, మడ్డి అడుక్కి చేరాలని. మర్నాడు నెమ్మదిగా గాజు జగ్గులోకి వంచాను. రంగు మధ్యలో చిక్కటి ఎరుపు, అంచున ఇటుక ఛాయ అప్పుడే మొదలవుతోంది. తీయగానే వాసన పెద్దగా రాలేదు, కొత్త కర్ర వాసన ఒకటే. ఓపిక పట్టాలి. గంట దాటాక నల్ల పళ్ళ వాసన లేచింది. ఫ్రెంచివాళ్ళు కాసిస్ అంటారు. మనకి దగ్గరగా చెప్పాలంటే పండిన నేరేడు, ఆ వగరుతో సహా. దాని వెనక దేవదారు చెక్క, పెన్సిలు చెక్కినప్పటి వాసన. ఆ తరవాత వచ్చింది పొగాకు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా అడుగున అదే మిగిలింది. నేను ఆ ఖాళీ గ్లాసుని చాలాసేపు పక్కన పెట్టలేదు.

నోట్లో మొదట పులుపు తగులుతుంది, చురుగ్గా ఉంటుంది కానీ గుచ్చదు. వెంటనే వగరు చిగుళ్ళ మీద పరుచుకుంటుంది. చవక వైన్‌లో వగరు గరగరలాడుతుంది. ఇక్కడ పట్టుచీర జరీ అంచు మీద వేలు పోనిచ్చినట్టు, గరుకుంది కానీ నేత సన్నం. మింగాక రుచి చాలాసేపు నిలుస్తుంది. తియ్యగా, చిక్కగా, నోరు నిండేలా కావాలనుకునేవాళ్ళకి ఇది బక్కగా అనిపించొచ్చు. నాకు ఆ నిగ్రహమే నచ్చింది.

ఇక మన ఊళ్ళలో తాగేవాళ్ళకి అసలు సంగతి వేడి. రెడ్ వైన్ గది వేడిమిలో తాగమంటారు. ఆ గది ఐరోపాలోది, 17, 18 డిగ్రీలు. సంక్రాంతి నాడు కూడా మధ్యాహ్నం మన వసారాలో అంతకన్నా చాలా ఎక్కువే ఉంటుంది. ఆ వేడికి ఆల్కహాలు ముందు ముక్కుకి కొట్టి, పొగాకూ దేవదారూ దాని కింద పడిపోతాయి. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, గ్లాసులో కొంచెం కొంచెంగా పోసుకోండి.

తిండి విషయంలో కూడా మొహమాటం లేకుండా చెప్తాను. చేపల పులుసుతో వద్దు. ఇంత వగరున్న వైన్ చేపతో కలిస్తే నోట్లో ఇనుము నాకినట్టుంటుంది, చింతపండు పులుపు ముందు పండు రుచి నిలవదు. గోంగూర మాంసం కూడా అంతే. కారం ఆల్కహాలు మంటని రెట్టింపు చేస్తుంది. మా ఇంట్లో గొర్రె పక్కటెముకల ముక్కలు నెయ్యిలో, మిరియాలు, ఉప్పు, వెల్లుల్లితో మాత్రమే వేయించారు. కొవ్వూ మాంసమూ తగలగానే వగరు మెత్తబడి, నేరేడు ముందుకొచ్చింది. సెయింట్ జూలియన్ ఉన్న మెదొక్ ప్రాంతంలో కూడా ఈ వైన్‌కి గొర్రెపిల్ల మాంసమే జోడీ.

ఇంకొన్నేళ్ళు మాగే శక్తి దీనికి ఉంది. అయితే అది చల్లటి నేలమాళిగ ఉన్నవాళ్ళ మాట. మన బీరువాలో మే నెల ఎండలు దాటితే పండు ఉడికిపోతుంది. వైన్ కోసం విడిగా చల్లటి అలమర లేకపోతే, తెచ్చిన శీతాకాలంలోనే, నలుగురు కూర్చున్న రోజున తీసెయ్యండి.