కాంట్రాక్టర్ మోసం చేస్తే పోలీస్ స్టేషనా, వినియోగదారుల కమిషనా?

కడపలో మా ఇంటి కాంట్రాక్టర్ ముప్పాతిక డబ్బు తీసుకుని, స్లాబు వేసి ముఖం చాటేశాడు. మొదటి వానకే వంటగది గోడ చెమ్మగిల్లింది. వేలితో గీరితే పూత పొడిపొడిగా రాలింది. అందరూ ముందు పోలీస్ స్టేషన్‌కే వెళ్లమన్నారు.

అక్కడ మోసం కేసు నిలవాలంటే, డబ్బు తీసుకున్ననాడే అతనికి ముంచే ఉద్దేశం ఉందని చూపాలి. నాసిరకం పని ఒక్కటే అందుకు చాలదు. కేసు నమోదైనా మన డబ్బు దానంతటది తిరిగి రాదు. దొంగ రశీదులు, కొనని ఇనుముకు బిల్లులు చేతిలో ఉంటే మాత్రం ఆ దారి వదలకండి.

జిల్లా వినియోగదారుల కమిషన్ సంగతి వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇంటి నిర్మాణం కూడా సేవే. మనం చెల్లించినది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 50 లక్షల వరకు జిల్లాలోనే విచారిస్తారు. లాయరు తప్పనిసరి కాదు. డబ్బు వాపసు, పరిహారం రెండూ అడగవచ్చు. ఫిర్యాదు చేయడానికి గడువు మాత్రం 2 ఏళ్లే. తీర్పు ఆలస్యమవుతుంది, నిజమే. అయినా నేను దీన్నే నమ్ముతాను.

ఏ దారి పట్టినా, గోడ బాగు చేయించకముందే ఫొటోలు తీసి, ఇంజనీరుతో నివేదిక రాయించుకోండి. చాలామంది ఆ బాధలో వెంటనే పూత వేయించి, ఉన్న సాక్ష్యాన్ని తామే కప్పేస్తున్నారు.