భీమవరం నుంచి అమెరికా ఫుట్‌బాల్: ఒక ప్రసార సేవపై నా సమీక్ష

మా అబ్బాయి విస్కాన్సిన్‌లో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అక్కడి గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు మా ఇంటి జట్టు కూడా అయింది. ఆ అభిమానంతోనే అమెరికా ఫుట్‌బాల్‌ను ప్రత్యక్షంగానూ, పాత సీజన్లతో సహా నిల్వ నుంచీ చూపించే ఒక సేవకు ఏడాది చందా కట్టాము. నేను ముఖ్యంగా తేల్చుకోవాలనుకున్నది ఒక్కటే: ఒక మహా ఆటగాడి వెనుక ఏళ్ల తరబడి కూర్చున్న కుర్రవాడు, ఆయన వెళ్లాక ఆ స్థానాన్ని నిలబెట్టగలడా?

బంతి అందుకొని, మీదికి దూసుకువచ్చే వాళ్లను గమనిస్తూ, రెండు మూడు సెకన్లలో దాన్ని ఎవరికి విసరాలో నిర్ణయించుకోవలసిన ఆటగాడు క్వార్టర్‌బ్యాక్. గ్రీన్ బేలో బ్రెట్ ఫావ్ర్ వెనుక మూడేళ్లు కూర్చున్న ఆరన్ రాడ్జర్స్ 2008లో ఆ బాధ్యత తీసుకున్నప్పుడు జట్టు 6 ఆటలు గెలిచి 10 ఓడింది. అదే రాడ్జర్స్ 2011 ఫిబ్రవరిలో సూపర్ బౌల్, అంటే సీజను చివరి ఫైనల్, గెలిపించాడు. 2020లో ఎంపికైన జోర్డన్ లవ్ కూడా మూడేళ్లు వేచి, రాడ్జర్స్ న్యూయార్క్ జెట్స్‌కు వెళ్లిన 2023లో మైదానంలోకి వచ్చాడు.

ఆ 2023 సీజనును మొదటి నుంచి చివరి వరకు వరుసగా చూడగలగడమే ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది. జనవరి 2024లో డల్లాస్‌ను 48-32తో ఓడించిన ఆటను ముఖ్య ఘట్టాల వీడియోల్లో ఎవరైనా చూడవచ్చు గానీ, అంతకుముందు వరుసగా నాలుగు ఆటలు ఓడి జట్టు రెండు గెలుపులు, ఐదు ఓటములకు దిగజారిన రోజులను అవి చూపించవు. లాస్ వేగస్ చేతిలో 17-13తో ఓడిన ఆటలో లవ్ మూడు బంతులను ప్రత్యర్థుల చేతికి అందించాడు. నవంబరులో డెట్రాయిట్ మీద గెలిచిన ఆటలో మాత్రం అతని కాళ్ల కదలిక కుదుటపడింది, చూపు ఒకే మనిషి మీద నిలిచిపోకుండా మైదానమంతా తిరిగింది. చివరికి 32 టచ్‌డౌన్ పాస్‌లతో, అంటే ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చిన విసుర్లతో, సీజను ముగించాడు.

నరసాపురం రేవులో సరంగు పక్కన నిలబడే కుర్రవాడు వశిష్ఠ పాయలో ఇసుక మేటలు ఎక్కడున్నాయో కళ్లతో నేర్చుకుంటాడు గానీ, పంటు బరువు ఎంతో చుక్కాని తన చేతికి వచ్చాకే తెలుసుకుంటాడు. వారసుడు నిలదొక్కుకోగలడనే నా నమ్మకం, అయితే ఆ చుక్కానిని రెండు నెలల్లోనే లాక్కోకుండా ఓపిక పట్టే జట్టు ఉండాలి. నాలుగు ఓటముల తరువాత కూడా గ్రీన్ బే అతన్ని మార్చలేదు.

ఇక సేవలోని లోపాలు. వ్యాఖ్యానం ఇంగ్లీషులో మాత్రమే ఉంది. అమెరికాలో ఆదివారం మధ్యాహ్నం జరిగే ఆట మనకు రాత్రి పదిన్నరకు, నవంబరు నుంచి పదకొండున్నరకు మొదలవుతుంది కనుక, ఉదయాన్నే రొయ్యల చెరువు దగ్గరికి వెళ్లవలసిన మా వంటి వాళ్లకు నిల్వ వీడియోలే ఆధారం. అయితే తెర తెరవగానే స్కోరు కనిపించి ఆటలోని ఉత్కంఠ అంతా పోతుంది. వానాకాలంలో కరెంటు పోయి వస్తే వీడియో ఆగిన చోటు నుంచి కాక మొదటి నుంచి నడవడం ఇంకా బాధ పెట్టింది.

స్కోరు దాచే సదుపాయం కల్పించమని నిర్వాహకులకు రాశాను. జవాబు ఇంకా రాలేదు. అయినా చందాను మరో ఏడాదికి పొడిగిస్తున్నాను.