చదువుతూ అల్లేవాళ్లకు ఏ సూది కొనాలి? 4 మి.మీ. సర్క్యులర్ సూది మంచిచెడ్డలు

ఎదురుగా పుస్తకం, చేతుల్లో అల్లిక రెండూ ఒకేసారి సాగాలంటే మామూలు జత సూదులతో కష్టం. అవి 30, 35 సెంటీమీటర్ల పొడుగుంటాయి. మోచేతులు బయటికి చాపితేగానీ తిరగవు. కుర్చీ చేతులకు తగులుతాయి, రైల్లో అయితే పక్కవాళ్ల డొక్కలో పొడుస్తాయి. మఫ్లర్ పెరిగేకొద్దీ బరువంతా ఒక సూదికే వేలాడి మణికట్టును లాగుతుంది. సర్క్యులర్ సూదికి ఈ బాధ లేదు. రెండు పొట్టి మొనలు, వాటి మధ్య సన్నటి నైలాన్ కేబుల్, అంతే. అల్లినదంతా కేబుల్ మీదికి జారి ఒళ్లోకి చేరుతుంది, చేతుల మీద బరువు పడదు.

పేరు చూసి ఇది టోపీల్లాంటి గుండ్రటివాటికే అనుకుని చాలామంది కొనరు. వరుస అయిపోగానే మొనలు చేతులు మార్చుకుని వెనక్కి తిరిగితే మఫ్లర్, శాలువా, స్వెట్టర్ ముక్క ఏదైనా దీని మీద అల్లుకోవచ్చు. రెండు చివరలనూ కలపకుండా ఉంటే సరి.

మొదటిసారి కొనేవాళ్లకు మా సలహా: 4 మిల్లీమీటర్ల మందం, 80 సెంటీమీటర్ల పొడవు, వెదురు మొనలు, ఫిక్స్‌డ్ కేబుల్ (మొనలకు ఊడకుండా అతికి ఉండేది). 80 అంటే ఒక మొన చివర నుంచి రెండో మొన చివర దాకా మొత్తం పొడవు, కేబుల్ ఒక్కదాని పొడవు కాదు. మొనలు మార్చుకునే సెట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ మర బిగింపు వదులైతే సరిగ్గా వరుస మధ్యలో ఊడి కుట్లు జారతాయి. ఏడాదికి రెండు మఫ్లర్లు అల్లేవాళ్లకు ఆ ఖర్చు దండగ. ఫిక్స్‌డ్ సూది ఓ మాదిరి నవల ధరకే వస్తుంది. ఫ్యాన్సీ షాపుల్లో ఊలు, అల్యూమినియం జతలు దొరికినంత తేలిగ్గా ఇవి దొరకవు. ఆన్‌లైన్లో ‘పోనీ’ (Pony), ‘నిట్‌ప్రో’ (KnitPro) లాంటి కంపెనీలవి తెప్పించుకోవచ్చు.

వెదురే ఎందుకంటే, కళ్లు పుస్తకం మీద ఉన్నప్పుడు కుట్లు వాటంతట అవి జారకూడదు. అల్యూమినియం, స్టీలు మొనల మీద ఊలు జర్రున జారుతుంది. వేగంగా అల్లేవాళ్లకు అది వరమే, చూడకుండా అల్లేవాళ్లకు మాత్రం తలనొప్పి. చేతులకు చెమట పట్టేవాళ్లకు కొన్ని అల్యూమినియం సూదులు బూడిదరంగు మరక అంటిస్తాయి, అది లేతరంగు ఊలుకూ ఎక్కుతుంది. మొన మరీ వాడిగా ఉంటే అక్రిలిక్ ఊలు పోగులు చీలి, సగం పోగే సూదికెక్కుతుంది. వెదురు మొన కాస్త మొద్దుగా ఉంటుంది కాబట్టి ఆ పొరపాటు తక్కువ.

వెదురుకీ లోపాలున్నాయి. కోస్తా ఉక్కపోతలో ఊలు మొనను పట్టేసి కదలనంటుంది. మైనపు కాగితంతో మొనను రుద్ది, పొడిగుడ్డతో తుడిస్తే దారికొస్తుంది. నూనె మాత్రం రాయకండి, ఊలుకు మరక పడుతుంది. మొన దగ్గర పీచు లేస్తే సన్నరకం గరుకు కాగితంతో రెండుసార్లు మెల్లగా రుద్దాలి.

కొత్త సూది రాగానే చూడాల్సింది కేబుల్, మొన కలిసే అతుకు. పాత చున్నీ అంచును దాని మీదుగా లాగి చూడండి. దారం పట్టుకుంటే ప్రతి వరుసలోనూ కుట్లు అక్కడే ఆగుతాయి, వాటిని వేలితో తోస్తూ కూర్చోవాలి. అలాంటిది వాడటం మొదలుపెట్టకముందే తిప్పి పంపేయడం మంచిది. కేబుల్ చుట్టలు చుట్టుకుపోవడం మాత్రం లోపం కాదు, ప్యాకెట్లో మడిచి ఉంచడం వల్ల వచ్చిన వంపు. వేడినీళ్లలో కేబుల్‌ను మాత్రమే ఒకటి రెండు నిమిషాలు ముంచి, తీసి, సాగదీసి పట్టుకుని చల్లారనివ్వాలి. వెదురు మొనలకు నీళ్లు తగలనివ్వొద్దు.

ఇక నంబర్ల గోల. మన దుకాణాల్లో సూదులకు పాత బ్రిటిష్ నంబర్లే ఇంకా వాడుకలో ఉన్నాయి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8 అంటే 4 మి.మీ., 10 అంటే 3.25 మి.మీ. అమెరికా నంబర్లు దీనికి తలకిందులు. అక్కడ 8 అంటే 5 మి.మీ., మన 4 మి.మీ. సూది వాళ్లకు 6. అమెరికా నుంచి పిల్లలు పంపిన సూదులకైనా, అక్కడి ప్యాటర్న్‌లకైనా మిల్లీమీటర్లే చూసుకోవాలి. 5 మి.మీ. సూదితో 10 సెంటీమీటర్లకు 18 కుట్లు రావాల్సిన చోట 4 మి.మీ. సూదితో 22 వచ్చాయనుకోండి, 90 కుట్ల ముక్క 50 సెంటీమీటర్లు ఉండాల్సింది 41 దగ్గరే ఆగిపోతుంది. పెద్దవాళ్లకని మొదలుపెట్టిన స్వెట్టర్ స్కూలు పిల్లల పాలవుతుంది.

చదువుతూ అల్లడానికి అన్నిటికన్నా సులువైనది గార్టర్ మఫ్లర్. ప్రతి వరుసా నిట్ (సీదా) కుట్టే, పర్ల్ (ఉల్టా) ఉండదు, అంచులు చుట్టుకోవు. లేబుల్ మీద 4 మి.మీ. సూది గుర్తున్న అక్రిలిక్ ఊలు 150 నుంచి 200 గ్రాములు తీసుకోండి. 40 కుట్లు ఎక్కిస్తే సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది, 150 సెంటీమీటర్ల పొడవు చాలు. వరుసలు లెక్కపెట్టక్కర్లేదు, రెండు వరుసలకు ఒక గట్టు లేస్తుంది, దాన్ని వేలితో తడిమినా తెలుస్తుంది. డిసెంబరు, జనవరి పొద్దుటి చలికి హైదరాబాద్‌లో ఇది సరిగ్గా సరిపోతుంది. అసలైన గొర్రె ఊలు ఖరీదు మనకు అవసరం లేదు, పైగా దానికి పురుగు భయం. కాటన్ మఫ్లర్ అయితే దాని బరువుకు అదే సాగి పొడుగవుతుంది. అక్రిలిక్‌ను ఇస్త్రీ మాత్రం చేయొద్దు, వేడికి చచ్చుబడి మెరుపు తేలుతుంది.

కొత్తవాళ్లు చేసే తప్పులు దాదాపు రెండే. ఒకటి, 40 కుట్లు ఎక్కిస్తే జానెడు అల్లేసరికి 46 అవుతాయి. వరుస మొదట్లో ఊలును సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు రెండు కాళ్లతో పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తుంది. రెండిట్లోనూ అల్లేస్తారు, మఫ్లర్ వెడల్పవుతూ పోతుంది. ఊలును సూది కింది నుంచే వెనక్కి తీసుకెళ్లాలి. పది గట్లకొకసారి కుట్లు లెక్క చూసుకుంటే ఎంత దూరం విప్పాలో తెలుస్తుంది. రెండోది సర్క్యులర్ సూదికే ప్రత్యేకం. వరుస మధ్యలో ఆపి మళ్లీ అందుకున్నప్పుడు ఏ వైపు వెళ్తున్నామో తెలియక వెనక్కి అల్లేస్తే, అక్కడ ఒక చిల్లు, ఒకవైపు ఎక్కువ వరుసలు. ఉండ నుంచి వచ్చే ఊలు కుడిచేతి మొన మీది కుట్టుకు వేలాడుతుండాలి. అందుకే పేజీ తిప్పడం, ఫోనెత్తడం, పొయ్యి మీద పాలు దించడం అన్నీ వరుస చివరే. (పాలు పొంగుతుంటే ఈ నియమం వర్తించదు.) పక్కన పెట్టేముందు కుట్లన్నీ కేబుల్ మధ్యకు తోసేస్తే ఒక్కటీ జారదు.

సూది ఎంత మంచిదైనా పుస్తకం తెరుచుకుని నిలబడకపోతే పని సాగదు. మడత వ్యాసపీఠం దీనికి చక్కగా సరిపోతుంది, కాస్త ఎత్తులో పెట్టుకుంటే మెడ వంచే పని ఉండదు. గమ్ బైండింగ్ పుస్తకాలు మూసుకుపోతుంటాయి, రెండు వైపులా బైండర్ క్లిప్పులు పెట్టక తప్పదు. సెక్షన్లు కుట్టిన బైండింగ్ అయితే పరిచినట్టు తెరుచుకుంటుంది. డిసెంబరు పుస్తక ప్రదర్శనలో కొనేటప్పుడు మధ్య పేజీ దగ్గర తెరిచి వదిలితే రెంటికీ తేడా అక్కడే తెలిసిపోతుంది. ఇంకోటి, డిటెక్టివ్ నవల చదువుతూ అల్లితే ఉత్కంఠ కొద్దీ చేతులు బిగుసుకుని ఆ జానెడు మఫ్లర్ మిగతాదానికన్నా గట్టిగా వస్తుంది. వ్యాసాలు, జ్ఞాపకాలు, కథలు నయం.

టోపీ అల్లాలనుకుంటే మాత్రం ఈ 80 సెంటీమీటర్ల సూదిని మామూలుగా వాడలేరు. టోపీ చుట్టుకొలత 50 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అన్ని కుట్లు 80 మీద సాగవు. కేబుల్‌ను మధ్యలో వంచి బయటికి లాగి అల్లే మ్యాజిక్ లూప్ పద్ధతి ఉంది, కానీ ప్రతి అరచుట్టుకూ ఆగి కేబుల్ సర్దాలి, చదువు సాగదు. దానికి 40 సెంటీమీటర్ల సూది విడిగా కొనుక్కోవడమే మేలు.