ఫ్రీ యాంటీవైరస్ రెన్యూ చేశాక సిస్టమ్ మొరాయిస్తే గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతకొద్దు

రాస్తుంటే చేతులు ఇంకా వణుకుతున్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లో మనలాంటి డీటీపీ షాపువాళ్లు ఇంకొకరు ఇలా మోసపోకూడదని ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను.

ఆ ఫ్రీ యాంటీవైరస్ ఏదో మీకు చెప్పక్కర్లేదు, సగం షాపుల్లో అదే ఉంటుంది. మాది విండోస్ 10 సిస్టమ్. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ ఆగిపోయిందని తెలిసినప్పటి నుంచి లోపల భయంగానే ఉంది. అందుకే సోమవారం ‘లైసెన్స్ ముగిసింది, రెన్యూ చేయండి’ అని రాగానే నొక్కేశాను. అక్కడ ముందే ఏ టిక్కులు పెట్టి ఉన్నాయో చూడలేదు. అది నా తప్పే. మళ్లీ ఆన్ చేస్తే సిస్టమ్ లేవడానికే పావుగంట పట్టింది. పైగా మేం తెలుగు టైప్ చేసే సాఫ్ట్‌వేర్ అను స్క్రిప్ట్ మేనేజర్ కనిపించలేదు. ‘చి.ల.సౌ.’ అని కొడితే ఏవేవో ముక్కలు పడుతున్నాయి. పెళ్లికూతురి తండ్రి ప్రూఫ్ చూద్దామని వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

ఆ కంగారులో గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికి, పైన వచ్చిన నంబర్‌కు ఫోన్ చేశాను. చక్కటి తెలుగులో మాట్లాడాడు. ‘అన్నగారూ, టెన్షన్ పడకండి’ అంటూ ఒక యాప్ దింపించి, అందులో వచ్చిన నంబర్ చెప్పించుకున్నాడు. నా మౌస్ అతని చేతికి వెళ్లింది. ఏదో లిస్టు తెరిచి, ‘ఈ ఎర్ర గుర్తులన్నీ వైరస్‌లే’ అన్నాడు. నిజమేననుకున్నాను. ఫలానా తారీఖు పెళ్లి, 400 కార్డులు, ఆయన ఎదురుగానే ఉన్నారు అని నా కష్టమంతా చెప్పుకున్నాను.

2,999 రూపాయలు, పైన జీఎస్టీ కట్టమన్నాడు. అంత ఎందుకని ఆగాను. అప్పుడు గొంతు మారిపోయింది. ‘మీకు మూడు వేలు ముఖ్యమా, ఆ అమ్మాయి పెళ్లి ముఖ్యమా? ఆయనకు ఫోనివ్వండి, నేనే అడుగుతాను’ అన్నాడు. నమ్మి చెప్పుకున్న మాటతోనే నా గొంతు పట్టుకున్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది, ఆయన అంతా విన్నారు. ఆ సిగ్గుకే 3,538 రూపాయలు ఫోన్‌పే కొట్టేశాను. రెండు నిమిషాల్లో అను తిరిగి వచ్చింది.

మర్నాడు పొద్దున మళ్లీ పోయింది. ఫోన్ చేస్తే మూడేళ్ల ప్లాన్ 8,999 అన్నాడు. నా డబ్బు వెనక్కి ఇమ్మన్నాను. ‘సిస్టమ్ ఇంకా నా దగ్గరే ఉంది, చూసి మాట్లాడు’ అన్నాడు. నేను మౌస్ ముట్టుకోలేదు, స్క్రీన్ మీద బాణం దానంతటదే కస్టమర్ల ఫోల్డర్ మీదికి వెళ్లి ఆగింది. ఇంటర్నెట్ వైరు పీకేశాను. పదిహేనేళ్లుగా జనం నమ్మి ఇచ్చిన ఆధార్ కాపీలు, ఫొటోలు అందులోనే ఉన్నాయి.

సాయంత్రం మా మేనల్లుడు వచ్చి చూశాడు. అను ఎక్కడికీ పోలేదు. కీబోర్డును పట్టుకుని పనిచేస్తుంది కదా, దాన్ని అనుమానించి యాంటీవైరస్సే క్వారంటైన్‌లో, అంటే పనిచేయకుండా విడిగా బంధించి పెట్టింది. అక్కడికి వెళ్లి రిస్టోర్ నొక్కి, మళ్లీ దాన్ని ముట్టుకోకుండా మినహాయింపుల్లో చేరిస్తే పని అయిపోయింది. ఆ ఫోన్‌లో మోసగాడు నాకు అమ్మింది ఆ ఒక్క నొక్కుడే, మినహాయింపు కూడా పెట్టలేదు. ఇక ఆ ఎర్ర గుర్తుల లిస్టు విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్, సిస్టమ్‌లో జరిగే చిన్నాపెద్దా పొరపాట్లు నమోదయ్యే చోటు. మేనల్లుడు తన కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించాడు, అందులోనూ ఎర్ర గుర్తులే. ‘మామయ్యా, ఇవి ప్రతి సిస్టమ్‌లోనూ ఉంటాయి’ అన్నాడు. తల పట్టుకున్నాను.

ఆ మోసగాడు దింపించిన యాప్ సిస్టమ్‌తో పాటు ఆన్ అయ్యేలా పెట్టి ఉంది. నెట్ వైరు పెట్టకుండానే దాన్ని తొలగించాం, పాస్‌వర్డులన్నీ ఫోన్‌లోంచి మార్చాను. ఆ యాంటీవైరస్ కూడా తీసేస్తే విండోస్‌లో ముందు నుంచీ ఉన్న డిఫెండర్ అనే యాంటీవైరస్ దానంతటదే ఆన్ అయింది. అదీ ఉచితమే.

మీకు ఇలా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. నేను పరువు పోతుందని ఒక రోజు ఆలస్యం చేశాను. ఫిర్యాదు నంబర్ వచ్చింది, రేపు బ్యాంకుకు వెళ్తున్నాను. ఈ రాత్రికి ఆ 400 కార్డులు పూర్తి చేయాలి.